లెక్కల మాస్టారి కారు కప్పు

మా స్కూల్లో లెక్కలు చెప్పే మురళీకృష్ణకి నలభై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు. పాతికో ఏట మొదలుపెట్టి మొత్తం పదిహేడు సంబంధాలు చూశారట. పిల్ల నచ్చిందా అని ఎవరడిగినా అతను చెప్పేది ఒకటే మాట, "మీ ఇష్టమండి." ఆడపిల్లవాళ్ళు దాన్ని వద్దనడం కిందే జమకట్టి కాఫీ గ్లాసులు తీసేసేవారు. పద్దెనిమిదోది వెతికే ఓపిక ఇంట్లోవాళ్ళకి లేకపోయింది. నోట్లో నాలుక లేని మనిషంటే నాకు ఒళ్ళు మంట. ఆ మాట అతని మొహం మీదే అన్నాను కూడా. "నిజమేనండి మేడం" అని ఊరుకున్నాడు. అలాంటివాడితో దెబ్బలాట కూడా కుదరదు.

నా పేరు ప్రసన్నకుమారి. అదే స్కూల్లో తెలుగు చెబుతాను. రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది. మురళీకృష్ణా, నేనూ, సైన్సు చెప్పే హారతీ రాజమండ్రిలో ఉంటాం. స్కూలేమో ఆత్రేయపురం దాటాక ఒక పల్లెటూళ్ళో. ఊరి పేరు రాయను. రాస్తే పూతరేకుల పెట్టె చేత్తో పట్టుకుని మరీ వచ్చి దెబ్బలాడతారు, వాళ్ళ మర్యాదలు అలా ఉంటాయి. నాలుగేళ్ళుగా ముగ్గురం మురళీకృష్ణ కారులోనే వెళ్ళివస్తున్నాం. అతను నడుపుతాడు, హారతి పక్క సీట్లో కూర్చుంటుంది, నా మోకాళ్ళకి వెనక సీటంతా కావాలి కాబట్టి వెనక నేను.

హారతికి నలభై రెండు. పెళ్ళిచూపులంటే పడక, ఎప్పుడో మానేసిన మనిషి. బాగా నవ్వుతుంది. ఆమె ఏదన్నా చెబుతుంటే మురళీకృష్ణ గేరు మార్చడం కూడా మర్చిపోయి సెకండులోనే ధవళేశ్వరం దాకా తీసుకెళ్ళేవాడు. నేను వెనకనుంచి అన్నీ చూస్తూనే ఉన్నాను. నాకెందుకులే అనుకున్నాను.

ఆ కారుకి ఇరవై రెండేళ్ళు. ఇంజను బంగారం. పైకప్పుకి లోపలివైపు అంటించిన బూడిదరంగు గుడ్డ మాత్రం కిందటి ఎండాకాలం నుంచీ ఊడిపోవడం మొదలెట్టింది. మొదట వెనక మూల వేలాడింది. తరవాత మధ్యలోకి దిగింది. మురళీకృష్ణ నోటీసు బోర్డుకి గుచ్చే సూదులు తెచ్చి, లెక్కల మాస్టారు కదా, స్కేలు పెట్టి కొలిచి మరీ రెండంగుళాలకొకటి చొప్పున గుచ్చాడు. సూదికీ సూదికీ మధ్య గుడ్డ చిన్న చిన్న బొజ్జల్లా దిగింది. ముందున్న అద్దంలో వెనక వచ్చే లారీ కనపడదు, ఆ బొజ్జలే కనపడతాయి. "మార్పించండి మాస్టారూ" అంటే "చూద్దామండి" అనేవాడు.

గుడ్డకీ పైన ఉండే అట్టకీ మధ్య పల్చటి స్పాంజి పొర ఒకటి ఉంటుందనీ, ముసలిదైతే అది పొడిపొడి అయిపోతుందనీ అప్పటికి మాకెవరికీ తెలీదు. సూదులు గుచ్చిన బెజ్జాల్లోంచీ, ఊడిన అంచుల్లోంచీ ఆ పొడి రాలేది. రంగు చూస్తే పసుపు. సైజు చూస్తే బియ్యపు నూక. ధవళేశ్వరం బ్యారేజి మీద అతుకు అతుక్కీ కారు కుదిపినప్పుడల్లా ముందు సీట్లో ఉన్న ఇద్దరి తలల మీదా, భుజాల మీదా సన్నగా పడేది. కొబ్బరినూనె రాసుకున్న జుట్టు కదా, పడింది పడినట్టు అతుక్కునేది.

వెనక నా మీద పడలేదా అంటే, పడే ఉంటుంది. బ్యారేజి ఎక్కగానే కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. బ్యారేజి దిగి బొబ్బర్లంకలో ఆమెన్ అంటాను, కొంగు దులుపుకుంటాను. కళ్ళు తెరిచేసరికి ముందు ఇద్దరి తలల మీదా పసుపు. శ్రావణమాసం, హిందువుల ఇళ్ళలో పొద్దున్నే ఏవో పూజలుంటాయి, నేనెందుకు అడగాలి అనుకున్నాను. మురళీకృష్ణేమో హారతి ఏదో నోము పట్టిందనుకున్నాడు. హారతి కూడా అతని గురించి అలాంటిదే ఏదో అనుకుంది. మీ నెత్తి మీద ఏదో ఉందండి అని చెప్పడం ఇద్దరికీ మర్యాద కాదు. పైగా తొమ్మిదింటిలోపు గేటు దాటి ఫోనుకి మొహం చూపించి హాజరు వేసుకోవాలి. కారు దిగి, తలలు దులుపుకునే తీరికలేక, ఇద్దరూ ఫోన్లు ఎత్తిపట్టుకుని పక్కపక్కనే పరిగెత్తేవారు.

స్కూలు గేటుకి ఎదురిల్లు రత్నమాణిక్యం గారిది. స్కూలు కమిటీ చైర్మన్ బుల్లిరాజు తల్లి. డెబ్భై ఎనిమిదేళ్ళు. పొద్దున్నే అరుగు మీద బోర్లించిన వేడి కుండ ముందు కూర్చుని, పల్చటి గుడ్డ పిండిలో ముంచి లాగుతూ పూతరేకులు తీస్తుంది. కళ్ళకి శుక్లాలు. దగ్గరివి కనపడవు, రోడ్డుకి అవతలివి మాత్రం బాగానే కనపడతాయంటుంది. ఒక సోమవారం ఆవిడకి రోడ్డుకి అవతల, పక్కపక్కనే పరిగెడుతున్న ఆడామగా, ఇద్దరి తలల మీదా అక్షింతలు కనపడ్డాయి.

ఈ వైపు ఊళ్ళలో అలాంటివి అడగరు. అడిగితే, మాకు చెప్పకుండా చేసుకున్నారేం అని నిలదీసినట్టవుతుంది. అందుకని రత్నమాణిక్యం గారు మధ్యాహ్నం స్టాఫ్ రూముకే వచ్చి హారతికి బొట్టు పెట్టి, రవికల గుడ్డా, తాంబూలమూ, నేతి పూతరేకుల పెట్టె ఒకటీ చేతిలో పెట్టింది. శ్రావణమాసంలో ఒకరికొకరు వాయనాలిచ్చుకోవడం మామూలే కదా, హారతి దణ్ణంపెట్టి తీసుకుంది. పూతరేకులు అందరం తిన్నాం. నేను మూడు తిన్నాను. హారతి కాదనకుండా పుచ్చుకుంది కాబట్టి పెళ్ళి ఖాయమని సాయంత్రానికి ఊరంతా తేల్చేసుకుంది.

పొడి రోజూ రాలేది. మంగళవారం రాలింది, బుధవారం రాలింది. రోజూ అక్షింతలేంటని ఎవరికైనా అనుమానం రావాలి కదా. వచ్చింది, దానికి జవాబు కూడా వాళ్ళే చెప్పుకున్నారు. పెద్దలకి చెప్పకుండా చేసుకున్నారు, ఇప్పుడు పొద్దున్నే ఒక్కో చుట్టం ఇంటికి వెళ్ళి క్షమించమని కాళ్ళ మీద పడి, దీవెనలు తీసుకుని వస్తున్నారు అని. "రాజమండ్రీలో మాస్టారికి చుట్టాలు ఎక్కువేనండోయ్" అని ఒకాయన నాతోనే అన్నాడు. ఔనండి అన్నాను. దేని గురించో నాకేం తెలుసు?

శుక్రవారం సాయంత్రం బుల్లిరాజు మురళీకృష్ణని ఇంటికి పిలిచి, జరీ పంచెల చాపు చేతిలో పెట్టి, "టీచరమ్మ గారిక్కూడా చీర తీశామండి, జంటగా ఓ పూట భోజనానికి రావాల" అన్నాడు. అప్పటికి గానీ ఈ మనిషికి అర్థం కాలేదు. ఒళ్ళంతా చెమటలు పట్టాయట. ఆడమనిషి పరువు, తన మూలంగా ఆవిడకి చెడ్డపేరు, అని బుర్రలో అదే తిరిగింది. ఎప్పుడూ నోరు విప్పని మనిషికి ఆ పూట ఎక్కడలేని మాటలూ వచ్చాయి. మమ్మల్నిద్దర్నీ బస్సులో వెళ్ళిపొమ్మని, తను ఆ వీధిలో పదకొండు ఇళ్ళు తిరిగాడు. ప్రతి ఇంట్లోనూ ఒకటే పాట, "అబ్బెబ్బే, ఛ ఛ, ఎంతమాట! కలలో కూడా లేదండి." ప్రతి ఇంట్లోనూ కాఫీ ఇచ్చారు. గుట్టుగా ఉంచాలి కాబోలు పాపం, అనుకుని సాగనంపారు.

సోమవారం హారతి కారెక్కలేదు. వాళ్ళ సందు చివర పది నిమిషాలు ఆగాం. ఫోను చేస్తే, "ఇకనుంచి బస్సులో వస్తానండి, బాగానే ఉంది" అంది. ఏం బాగు? బొబ్బర్లంకలో దిగి మారాలి, ఒంటికాలి మీద నిలబడాలి. ఊళ్ళో మాటలకి సిగ్గుపడి ఆడకూతురు తప్పుకుందని నేననుకున్నాను. మురళీకృష్ణా అదే అనుకున్నాడు.

ఆ రెండు వారాలూ ఆ కారులో ప్రయాణం నాకు శిక్ష. అతను రోజూ హారతి సందు చివర కారు ఆపేవాడు. రెండు నిమిషాలు చూసి, ఎవరూ రాకపోతే, ఇంజను ఆగిపోయిందేమో అన్నట్టు తాళం అటూ ఇటూ తిప్పి మళ్ళీ బయల్దేరేవాడు. ఒకరోజు బ్యారేజి మీద, నేనింకా ప్రార్థన మొదలుపెట్టకముందే, రోడ్డు చూస్తూ అన్నాడు.

"రానూపోనూ రోజుకి గంటా పది నిమిషాలండి మేడం. నాకు బతుకన్నది ఏదన్నా ఉందంటే అంతేనండి. మిగతాదంతా పరీక్ష పేపర్లు దిద్దుకోవడమేనండి. అది కూడా పోయిందండి."

ఆ రోజు నేను ప్రార్థన అతని కోసమే చేశాను. కొంగు కప్పుకున్నాను కాబట్టి నా కళ్ళు అతనికి కనపడలేదు. కొంగు దులుపుకుంటుంటే చేతికి పసుపు పొడి తగిలింది. వేళ్ళ మధ్య నలిపి చూశాను. మెత్తగా, జిగటగా, బియ్యం కాదు, పసుపూ కాదు. తలెత్తి పైకి చూశాను. బొజ్జలు.

"మురళీకృష్ణ గారూ! నీ పెళ్ళి చేసిన పురోహితుడు దొరికాడయ్యా!" అని అరిచాను. మీరులోంచి నువ్వులోకి ఎప్పుడు దిగానో నాకే తెలీలేదు.

ఆదివారం ఆరాధన అవగానే ఇద్దరం మోరంపూడి దగ్గర సీటు కవర్లు కుట్టే వీరబ్రహ్మం షాపుకి వెళ్ళాం. నేనెందుకంటే, ఒక్కడే వెళితే ఏ గుడ్డ వెయ్యమంటారంటే మీ ఇష్టమండి అని వచ్చేస్తాడు. వీరబ్రహ్మం ముందు లైటు ఊడదీశాడు. తరవాత ఎండ అడ్డుపెట్టుకునే రెక్కలు, చేతిపట్టీలు, తలుపుల రబ్బర్లు. ముందు సీటు పడుకోబెట్టి, కప్పంతటి అట్టనీ విరగకుండా తలుపులోంచి వంచి బయటికి తీశాడు. నేలమీద పరిచాక చూస్తే, పసుపు ఆరబోసినట్టుంది.

"గుడ్డ అంటించటం గంట పనండి" అన్నాడు వీరబ్రహ్మం, బ్రష్షు తీసుకుంటూ. "పాత స్పాంజి గోకటమే అసలు పని. చిటికెడు మిగిలినా కొత్త గుడ్డ పట్టుకోదండి. బద్ధకించి దానిమీదే అంటించేత్తారు కొందరు, మూణ్ణెల్లకి మళ్ళీ నెత్తిమీదికొత్తాది. ఏ రంగు ఎయ్యమంటారు?"

"పసుపు తప్ప ఏదైనా పర్లేదండి" అన్నాడు మురళీకృష్ణ.

గోకిన పొడంతా పారేయబోతుంటే నేను ఆపి, సంచిలోకి ఎత్తమన్నాను. సంగతేంటని అడిగితే మొత్తం కథ చెప్పాను. వీరబ్రహ్మం బ్రష్షు కింద పెట్టి మురళీకృష్ణని కిందనుంచి పైదాకా చూశాడు.

"పెళ్ళవ్వలేదని రుజువు చేసుకోటానికి కప్పు మార్పించిన మనిషిని మిమ్మల్నే చూత్తున్నానండి" అన్నాడు. అని, జిగురు కొట్టి, గుడ్డని మధ్యలోంచి అంచులకి అరచేత్తో నిమురుతూ, ఒక్క ముడత లేకుండా అంటించాడు. లోపల కూర్చుంటే కొత్త గదిలో కూర్చున్నట్టుంది. మురళీకృష్ణ మాత్రం పక్క సీటు వంక చూసి నిట్టూర్చాడు.

మర్నాడు సోమవారం. మా హెడ్మాస్టరు ఏసుపాదం గారు నెమ్మదస్తుడు, ఏ గొడవైనా మీటింగు పెడితే సర్దుకుంటుందని నమ్మే మనిషి. మధ్యాహ్నం భోజనాలయ్యాక స్టాఫ్ రూములో మీటింగు పెట్టారు. కమిటీవాళ్ళు వచ్చారు, బుల్లిరాజు తల్లిని చెయ్యిపట్టుకుని తీసుకొచ్చాడు, వీధిలో పదకొండు ఇళ్ళవాళ్ళూ వచ్చారు. హారతి కిటికీ పక్కన, ఎవరివైపూ చూడకుండా కూర్చుంది. మురళీకృష్ణ సంచి పట్టుకుని నిలబడ్డాడు.

ఇక్కడ తప్పు నాదే. సంచిలో అయితే ఎవరికీ సరిగ్గా కనపడదని, జెండా పండగకి పూలు పెట్టే స్టీలు పళ్ళెం తెచ్చి, పొడి అందులో పొయ్యమన్నాను. కుప్పగా పోశాడు. రెండో తప్పు ఏసుపాదం గారిది.

"అయ్యలారా, అమ్మలారా, మాటలెందుకు? పళ్ళెం అందరి దగ్గరికీ వస్తుంది. తలా కొంచెం చేతిలోకి తీసుకుని చూడండి" అన్నారు.

పళ్ళెం తిరిగింది. తలా ఒక గుప్పెడు తీసుకున్నారు. తీసుకున్నవాళ్ళు తీసుకున్నట్టు, ఎవరూ చెప్పకుండానే, లేచి నిలబడ్డారు. మురళీకృష్ణ చెమటలు కక్కుతూ, గుడ్డకీ అట్టకీ మధ్య స్పాంజి ఎలా ఉంటుందో బోర్డు మీద బొమ్మ గీస్తున్నాడు. బొమ్మలో పొరల వరస తప్పిందని హారతి బోర్డు దగ్గరికి వెళ్ళింది. సైన్సు టీచరు కదా, ఆగలేకపోయింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు.

పళ్ళెం రత్నమాణిక్యం గారి దగ్గరికి వచ్చింది. ఆవిడ తడిమి చూసుకుంది, గుప్పిట నింపుకుంది, బోర్డు వైపు చూసింది. రోడ్డుకి అవతలంత దూరం లేకపోయినా ఆవిడకి కావలసింది కనపడినట్టుంది.

"నూరేళ్ళు సల్లగా ఉండండి నాయనా!" అని విసిరింది.

ఇక ఎవరాగుతారు? ఒకరి చెయ్యి లేస్తే అందరి చేతులూ లేచాయి. బుల్లిరాజు విసిరాడు. పదకొండు ఇళ్ళవాళ్ళూ విసిరారు. ఏసుపాదం గారి చెయ్యి కూడా పైకి లేవడం నా కళ్ళతో చూశాను, తరవాత ఆయన ఎంత కాదన్నా సరే. నా గుప్పిట కూడా ఖాళీ అయింది. గదంతా పసుపు దుమ్ము. ఇద్దరు తుమ్మారు.

దుమ్ము అణిగాక చూస్తే, హారతి జుట్టు నిండా పొడితో, దులుపుకోకుండా, మురళీకృష్ణ వైపే చూస్తోంది.

"ఆ రోజు ఎన్ని ఇళ్ళకి వెళ్ళారండి మీరు?" అంది.

"పదకొండండి."

"ఏమని చెప్పారు?"

"అలాంటిదేం లేదని చెప్పానండి."

"అలా కాదు. ఎలా చెప్పారో అలాగే చెప్పండి."

అతను సుద్దముక్క వంక చూస్తూ, వినపడీ వినపడనట్టు, "అబ్బెబ్బే, ఛ ఛ, ఎంతమాట, కలలో కూడా లేదండి అన్నానండి" అన్నాడు.

"అదే. రత్నమాణిక్యం గారు ఆ మర్నాడే నాకు ఫోను చేసి ఆ ఛ ఛ తో సహా అప్పజెప్పారు. ఊళ్ళో వాళ్ళు మనకి పెళ్ళయిందనుకుంటే నాకేం బాధ కలగలేదండి. నవ్వొచ్చింది. నవ్వుకున్నాను కూడా. మీరు పదకొండు ఇళ్ళకి వెళ్ళి నా పేరు చెప్పి ఛ ఛ అన్నారు చూశారూ, అందుకే బస్సెక్కాను." జుట్టులోంచి రాలిన పొడి కొంగుతో తుడిచేసుకుంది. "లేదని చెప్పడానికి పొద్దుపోయేదాకా ఇల్లిల్లూ తిరిగారే. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు."

సిగ్గుతో నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. అరవై ఏళ్ళ ఆడదాన్ని, నాలుగేళ్ళు ఆమె వెనక సీట్లో కూర్చున్నాను, నాకూ ఆ సంగతి తట్టలేదు. మురళీకృష్ణ సుద్దముక్క బల్ల మీద పెట్టి, "ఒక్క రెండు గంటలు పర్మిషనివ్వండి సార్" అని హెడ్మాస్టరుతో చెప్పి బయటికి వెళ్ళిపోయాడు. పారిపోయాడనుకున్నాను. మనసులో తిట్టవలసినవన్నీ తిట్టాను. అతని పదో తరగతి పీరియడు నేను తీసుకుని, కోపమంతా డిక్టేషను మీద చూపించాను.

నాలుగుంబావుకి బస్సు స్టాపులో హారతీ నేనూ నిలబడి ఉన్నాం. నేనూ బస్సులోనే వెళతానని మొండికేశాను. వీధి చివరనుంచి మురళీకృష్ణ నడుచుకుంటూ వస్తున్నాడు. తల మీద పొడి అలాగే ఉంది, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"ఎక్కడికెళ్ళారు?" అంది హారతి.

"ఆ పదకొండు ఇళ్ళకేనండి. వీళ్ళంతా మీటింగునుంచి ఇళ్ళకి చేరేదాకా ఆగి మరీ చెప్పొచ్చానండి. ఆ రోజు నేనన్నది అబద్ధం, కలలో ఉంది, ఇలలో కూడా ఉంది అని చెప్పానండి."

"ఏమన్నారు?"

"మాకు తెలుసు కదండీ మాస్టారూ, కూర్చోండి, కాఫీ తాగండి అన్నారండి. పదకొండు తాగానండి."

నాకు నవ్వొచ్చింది. హారతి నవ్వలేదు.

"అందరికీ తెలుసన్నమాట" అంది. "నాకు తెలీదండి. నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

బస్సొచ్చి ఆగింది. మురళీకృష్ణ బస్సు మెట్టుకీ ఆమెకీ మధ్య నిలబడ్డాడు. క్లాసులో వెనక బెంచీకి కూడా వినపడని అతని గొంతు ఆ పూట డ్రైవరు దాకా వినపడింది.

"నాకు మీరంటే ఇష్టమండి హారతి గారూ. నాలుగేళ్ళ నుంచీనండి. మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉందండి. మీకు ఇష్టం లేకపోతే లేదనే చెప్పండి, నేను తట్టుకుంటానండి. చెప్పకుండా మాత్రం బస్సెక్కకండి."

కిటికీల్లోంచి జనం తలలు బయటికి పెట్టారు. కండక్టరు విజిలు నోట్లో పెట్టుకుని, ఊదాలో వద్దో తెలీక, ఎక్కుతారా అమ్మా అన్నట్టు చూశాడు.

హారతి కళ్ళు తుడుచుకుని కండక్టరు వైపు తిరిగింది.

"మేం రావట్లేదు బాబూ, మీరు వెళ్ళండి" అంది.